పరాకు

మా అమ్మమ్మ మధ్యాహ్నం పూట వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరేది. వేళ్లు గింజల్ని కొద్దికొద్దిగా ముందుకు తోస్తుంటాయి. బియ్యం, బియ్యం, బియ్యం, అదిగో రాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిసి దాన్ని పట్టి అరుగవతలికి విసిరేస్తాయి. మళ్లీ బియ్యం, బియ్యం. కాసేపయ్యాక వేళ్లు అలాగే ఆడుతుండేవి గానీ, చూపు మారిపోయేది. చేట మీదే నిలిచినట్టు ఉంటుంది, చేటను చూడదు. పెదవి కొసన సన్నటి కదలిక, ఎవరితోనో మాట అనబోయి ఆగినట్టు. పెరట్లోంచి వచ్చిన పిన్ని “అమ్మా, పాలు పొంగిపోతున్నాయి!” అని కేకేస్తే ఉలిక్కిపడి, “ఏదో పరాకులో ఉన్నానే” అనేది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరి పంటికిందో ఓ రాయి పడేది.

పరాకు. ఎంత గొప్ప మాట! పక్కకు జారిపోయిన మనసుకు అదే పేరు. రాజు కొలువులోకి వస్తుంటే వందిమాగధులు వేసే హెచ్చరిక కేకకూ అదే పేరు: బహుపరాక్. ఏమరుపాటునూ, ఏమరుపాటు నుంచి లేపే పిలుపునూ మన భాష ఒకే మాటలో పెట్టుకుంది. పరధ్యానం అన్న మాటలోనూ ఇదే సొగసు. మనసు చెదిరిందని అనలేదు మనవాళ్లు, వేరొకదాని మీద ధ్యానంలో ఉందన్నారు.

ఈ పరాకుకు ఒక రూపం ఉందనీ, దానికి దారులూ మలుపులూ మజిలీలూ ఉన్నాయనీ మెదడు శాస్త్రం గత కొన్ని దశాబ్దాల్లో బొమ్మకట్టి చూపించింది. ఆ పరిశోధనలను నేను చదివింది రాగాలాపన విన్నట్టు. ఎక్కడ బయల్దేరింది, ఎంత దూరం వెళ్లింది, ఏ స్వరం మీద వాలింది అని వెంట నడుస్తూ చదివాను. ఆ ఆనందాన్ని పంచుకోవాలనే ఈ నాలుగు మాటలు.

*

ముందు శ్రుతి దగ్గర మొదలుపెడదాం. 1924లో జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు మనిషి తల మీద తీగలు పెట్టి, లోపలి విద్యుత్తు కదలికలను మొదటిసారి కాగితం మీదికి దించాడు. 1929లో ప్రచురించాడు. ఆ గీతల్లో ఒక వింత ఉంది. మనిషి కళ్లు మూసుకుని ఊరికే ఉన్నప్పుడు సెకనుకు సుమారు పది చొప్పున నిండైన అలలు లేచేవి. కళ్లు తెరిస్తే అవి అణగిపోయేవి. పని లేనప్పుడు మెదడు ఖాళీగా ఉంటుందనుకునేవాళ్లకు అది తొలి జవాబు. ఊరికే ఉండటానికీ ఒక లయ ఉంది.

మెదడు బరువు ఒంటి బరువులో సుమారు 2 శాతం. ఒళ్లు ఖర్చుచేసే శక్తిలో అది తీసుకునే వాటా సుమారు 20 శాతం. కష్టమైన లెక్క చేస్తే ఈ ఖర్చు ఎంత పెరుగుతుంది? సాధారణంగా 5 శాతం కూడా పెరగదు. అంటే మనం ‘పని’ అనుకునేదంతా పైపైన పలికే ఓ చిన్న సంగతి. కింద తంబురా మోగుతూనే ఉంటుంది. పాట మొదలవకముందు మోగింది, పాట ఆగాకా మోగుతుంది. కచేరీలో తంబురాను మనం ప్రత్యేకంగా వినం. అది లేకపోతే మాత్రం ఏ స్వరానికీ నిలకడ ఉండదు.

ఆ తంబురాను విన్నవాడు మార్కస్ రేకెల్, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో. మెదడు బొమ్మలు తీసే అప్పటి పెట్ స్కాన్ పరిశోధనల్లో ఒక తీసివేత లెక్క ఉండేది. పని చేస్తున్నప్పటి బొమ్మలోంచి ఊరికే పడుకున్నప్పటి బొమ్మను తీసేస్తే, మిగిలిందే ఆ పనికి మెదడు చేసిన కృషి అని. చిత్రమేమంటే, కొన్ని చోట్ల శేషం సున్నకు కిందికి వచ్చేది. పని మొదలుపెట్టగానే అక్కడ చురుకు తగ్గేది. ఏ పని ఇచ్చినా అవే చోట్లు. 1997లో గోర్డన్ షుల్మన్, రేకెల్ తదితరులు తొమ్మిది పరిశోధనల బొమ్మలను ఒకచోట పేర్చి చూస్తే అదే ముగ్గు మళ్లీ మళ్లీ తేలింది. నుదుటి వెనక నడిమి భాగం. తల వెనకవైపు, మెదడు రెండు సగాలూ ఒకదానికొకటి ఆనుకునే లోపలి గోడ. చెవులకు పైన కాస్త వెనకగా రెండు పక్కలా రెండు చోట్లు. 2001లో రేకెల్ బృందం దీనికి ‘డిఫాల్ట్ మోడ్’ అని పేరు పెట్టింది. ఏ పనీ లేనప్పుడు మెదడు తనంత తాను చేరుకునే కుదురు.

మరి అంత దూరదూరంగా ఉన్న ఆ చోట్లు ఒకే ఇల్లు అని ఎలా తెలిసింది? అవి కలిసి ఊపిరి తీసుకుంటాయి గనక. 1995లో మిల్వాకీలో పరిశోధక విద్యార్థిగా ఉన్న భరత్ బిస్వాల్, ఊరికే పడుకున్న మనుషుల మెదళ్లలో ఒక సంగతి గమనించాడు. చేతులు కదలకపోయినా, ఎడమ చేతిని కదిపే భాగమూ కుడి చేతిని కదిపే భాగమూ జతగా లేస్తూ పడుతూ ఉన్నాయి. ఆ అల ఒక్కసారి లేచి పడటానికి పది సెకన్ల పైనే పడుతుంది. ఎంతటి విలంబకాలం! డిఫాల్ట్ మోడ్‌లో లేచే చోట్లు, అంటే డిఫాల్ట్ నెట్‌వర్క్ భాగాలు, కూడా అలాగే జతగా ఊగుతాయని 2003లో స్టాన్‌ఫర్డ్‌లో మైఖేల్ గ్రీషియస్ బృందం చూపించింది. వసారాలో అమ్మమ్మ చూపు నిలిచిపోయిన ఆ పది సెకన్లలో, నుదుటి వెనకా తల వెనకా ఒక పెద్ద అల నిదానంగా లేచి, నిదానంగా వాలింది. చూసే కన్నుకు కనబడింది ఆగిన చూపు ఒక్కటే.

*

శ్రుతి తర్వాత గమనం. 2005లో మైఖేల్ ఫాక్స్, రేకెల్ తదితరులు చూపిన బొమ్మ ఏతాన్ని గుర్తుచేస్తుంది. బయటి పని మీద దృష్టి నిలిపే నెట్‌వర్కులు ఒక కొస, డిఫాల్ట్ నెట్‌వర్క్ ఇంకో కొస. ఇది లేస్తే అది దిగుతుంది, అది లేస్తే ఇది దిగుతుంది. ఏతం తెలిసినవాళ్లకు తర్వాతి ప్రశ్న వెంటనే తడుతుంది. మరి ఏతం మాను మీద అటూ ఇటూ నడిచి, ఒకసారి బానను బావిలోకి దించి, ఒకసారి పైకి లేపే మనిషి ఎవరు?

ఆ మనిషి జాడ సంగీతంలో కొంత దొరికిందని చదివినప్పుడు నా ఒళ్లు పులకరించింది. స్టాన్‌ఫర్డ్‌లో వినోద్ మీనన్ ప్రయోగశాలలో దేవరాజన్ శ్రీధరన్ తదితరులు, 18వ శతాబ్దపు ఆంగ్ల స్వరకర్త విలియం బాయ్స్ సింఫనీలను స్కానర్‌లో పడుకున్నవాళ్లకు వినిపించారు. సింఫనీలో ఒక ఖండిక ముగిసి మరొకటి మొదలయ్యే నడుమ కొద్ది క్షణాల నిశ్శబ్దం ఉంటుంది. వాళ్లు చూసింది ఆ సంధి దగ్గర. పాట సాగుతున్నప్పటికంటే, పాట ఆగిన ఆ చోట మెదడు, ముఖ్యంగా కుడివైపు, గుప్పున మేల్కొంది. ముందు ‘ఏదో మారింది’ అని పసిగట్టే భాగం, దాని వెనకే ‘ఇక దీన్ని పట్టుకుందాం’ అనే భాగం. 2007 నాటి మాట అది. మరుసటి ఏడాది ఈ బృందమే, ఆ మలుపులో ముందు కదిలేది కుడి కణత లోపలి మడతలో దాగిన ఇన్సులా అని సూచించింది. ఇన్సులా అంటే లాటిన్‌లో ద్వీపం. అది కదిలాకే దృష్టి నెట్‌వర్క్ లేస్తుంది, డిఫాల్ట్ నెట్‌వర్క్ వాలుతుంది. మెదడులో బహుపరాక్ అని కేక వేసేది ఇదే. శ్రీధరన్ తర్వాత బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు వచ్చి, దృష్టి మీదే పరిశోధన సాగిస్తున్నారు.

నిశ్శబ్దం దగ్గర మేల్కోవడం! గాయకుడు స్వరం విడిచి ఊపిరి తీసుకునే చోటే రసికుడు “భళా” అంటాడు. రెండు వాక్యాల నడుమ తెల్లటి చోటే చదువరిని తలెత్తేలా చేస్తుంది.

కేక పడినా వినబడకపోతే? అప్పుడు శాపమే. కాళిదాసు శాకుంతలం నాలుగో అంకంలో జరిగింది అదే. దుర్వాసుడు ఆశ్రమ వాకిట నిలిచి, నేను వచ్చానని బిగ్గరగానే చెప్పాడు. పూలు కోస్తున్న చెలికత్తెలకు దూరం నుంచి వినబడింది. పర్ణశాలలో ఉన్న శకుంతలకు వినబడలేదు. చెవిలో లోపం లేదు, మనసు హస్తినలో ఉంది. ప్రయోగశాలలో దీని గుర్తు కూడా కనిపించింది. తెర మీద పట్టించుకోవాల్సిన సంఖ్య పడిన సుమారు 300 మిల్లీసెకన్లకు మెదడులో పీ300 అనే విద్యుత్ తరంగం లేస్తుంది. ‘చూశాను, గుర్తించాను’ అన్న సంతకం లాంటిది అది. మనసు పక్కకు పోయి ఉన్నప్పుడు ఆ తరంగం చిన్నబోతుందని 2008లో జోనథన్ స్మాల్‌వుడ్ తదితరులు చూపించారు. లోపలి చిత్రం చెదరకుండా ఉండాలని మెదడు బయటి తలుపును ఓరగా వేసుకుంటుంది. శకుంతల తలుపు ఓరగా వేసి ఉంది. కాళిదాసు ఆ తరంగాన్ని చూడలేదు, తలుపును చూశాడు.

*

ఇక చేట దగ్గరికి వద్దాం. పరాకును కొలవడానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పరీక్ష ఒకటుంది. తెర మీద ఒక్కొక్కటిగా అంకెలు పడుతుంటాయి. ప్రతి అంకెకూ మీట నొక్కాలి, 3 వచ్చినప్పుడు మాత్రం నొక్కకూడదు. అంకె, అంకె, అంకె, అదిగో 3. నాకు ఇది బియ్యం ఏరడంలా కనిపిస్తుంది. ఆ 3 రాయి. మనసు జారితే రాయి వేళ్ల సందునుంచి జారిపోతుంది.

వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కలీనా క్రిస్టాఫ్ బృందం స్కానర్‌లో ఈ చేటను మనుషుల చేతికిచ్చింది. నడుమ నడుమ ఆపి రెండు ప్రశ్నలు అడిగారు. ఇప్పుడు మనసు పని మీద ఉందా? పక్కకు పోయి ఉంటే, పోయిన సంగతి నీకు తెలుసా? 2009లో వచ్చిన ఫలితం ఏతం ఉపమానాన్ని తిరగరాసింది. మనసు తిరుగుతున్నప్పుడు డిఫాల్ట్ నెట్‌వర్క్ ఒక్కటే లేవలేదు. ఎప్పుడూ దానికి ఎదురుకొసన ఉంటుందనుకున్న, ఆలోచనను అదుపులో పెట్టే కార్యనిర్వాహక భాగాలూ దానితో పాటే లేచాయి. ఏతం రెండు కొసలూ ఒకేసారి పైకి! అదీ, తాను పక్కకు పోయిన సంగతి తనకే తెలియని క్షణాల్లో మరింత బలంగా.

ఈ సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగాను. పరాకును మనం సోమరితనమని ఎంత తేలిగ్గా అనేస్తాం! అక్కడ జరుగుతున్నది పెద్ద పని. జ్ఞాపకం ఇచ్చేవాళ్లూ, పథకం వేసేవాళ్లూ మామూలుగా ఒకరి ముఖం ఒకరు చూడరు. ఇక్కడ మాత్రం మనకు తెలియకుండా ఒక గదిలో కూడి, మన బతుకు గురించి మంతనాలు సాగిస్తున్నారు. అమ్మమ్మ పెదవి కొసన కదలిక ఆ మంతనాల్లో ఒక మాట.

ఆ మాటకు సరుకు ఎక్కడిది? 2018లో లండన్‌లో కోర్నీలియా మెకార్మిక్, ఎలినార్ మగ్వైర్ తదితరులు, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ మెదడు రెండు వైపులా దెబ్బతిన్న మనుషుల పరాకును పరిశీలించారు. వాళ్ల మనసు మనందరి మనసంత తరచుగానే పక్కకు పోయింది. కానీ దూరం పోలేదు. ఎదుట ఉన్నదాని చుట్టూ, ఇప్పటి క్షణం చుట్టూ తిరిగింది. దృశ్యాలు లేవు, ఎక్కువగా మాటలే. తక్కినవాళ్ల పరాకులో చిన్ననాటి వీధి ఉంది, రేపటి ప్రయాణం ఉంది, చూడని ఊరు ఉంది. వీళ్ల పరాకుకు రెక్కలున్నాయి, ఆకాశం లేదు. ఆ పరిశోధనలో నాకు కనబడింది కరుణరసమే.

మన అలంకారికులు ఆ ఆకాశానికి వాసన అని పేరు పెట్టారు. అనుభవించి మరచిపోయినదంతా లోపల పరిమళంగా మిగిలి ఉంటుందనీ, ఆ వాసన లేనివాడికి రసం లేదనీ చెప్పారు.

*

అందుకే ఈ కథలో నాకు అన్నిటికంటే ప్రియమైన ఘట్టం న్యూయార్క్‌లో జరిగింది. ఎడ్వర్డ్ వెసెల్, గాబ్రియెల్ స్టార్, నావా రూబిన్ 16 మందికి స్కానర్‌లో 109 చిత్రలేఖనాలు చూపించారు. ప్రసిద్ధమైన బొమ్మలు ఏరిపెట్టలేదు, చూసినవాళ్లకు కొత్తగా ఉండేవే ఎంచారు. ఈ చిత్రం నిన్ను ఎంత కదిలించింది, 1 నుంచి 4 దాకా చెప్పు అన్నారు. ఒకరికి 4 అనిపించిన చిత్రం ఇంకొకరికి 1. అభిరుచులు అంతగా కలవలేదు. కానీ మెదడు చేసింది అందరిలోనూ ఒకటే. చూపుకు సంబంధించిన భాగాలు 1 నుంచి 2కు, 2 నుంచి 3కు, 3 నుంచి 4కు మెట్లుమెట్లుగా చురుకెక్కాయి. డిఫాల్ట్ నెట్‌వర్క్ అలా ఎక్కలేదు. బయటి వస్తువును చూసేటప్పుడు వాలి ఉండటం దాని స్వభావం కదా, 1కీ 2కీ 3కీ అది వాలే ఉంది. 4 దగ్గర ఒక్కసారిగా లేచింది.

2012 నాటి ఈ ఫలితాన్ని తొలిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కూర్చున్నాను. ‘బాగుంది’కీ ‘చాలా బాగుంది’కీ తెరుచుకోని తలుపు ‘నన్ను తాకింది’ అన్నప్పుడు తెరుచుకుంది. కళ్లు బయట చిత్రం మీదే ఉన్నాయి, లోపలి గదిలో దీపం వెలిగింది. ఎప్పుడూ ఎదురెదురుగా ఉండే బయటా లోపలా ఆ ఒక్క క్షణం కలిసి వెలిగాయి. పరాకులో మనం వెళ్లే ఇంటికే గొప్ప చిత్రమూ వచ్చి తలుపు తట్టింది.

కాళిదాసు నాటకం మొదలయ్యేదే ఇలాంటి పరాకుతో. నటి వేసవి పాట పాడుతుంది. సభంతా బొమ్మలా నిలిచిపోతుంది. నాటకం నడపాల్సిన సూత్రధారుడే ఇప్పుడు ఆడబోయేది ఏ నాటకమో మరచిపోతాడు. నటి గుర్తుచేయాల్సివస్తుంది. ఐదో అంకంలో మళ్లీ ఒక పాట. శాపం వల్ల దుష్యంతుడికి శకుంతల జ్ఞాపకమే లేదు. అంతఃపురంలోంచి హంసపదిక పాడుతుంటే కారణం తెలియకుండా మనసు బరువెక్కుతుంది. ప్రియమైనవాళ్లెవరూ దూరం కాలేదే, మరి ఈ బెంగ ఏమిటని తనలో తానే తర్కించుకుంటాడు. జ్ఞాపకం తలుపు మూసి ఉంది, వాసన గడప కింద నుంచి వచ్చేసింది. నాలుగో అంకంలో తలపు వల్ల పిలుపు వినబడలేదు. ఐదో అంకంలో పాట విని తలపు లేచింది. పరాకు రెండు ముఖాలనూ కవి ఎదురెదురుగా నిలబెట్టాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రెండు అనుభవాలకు మెదడులో ఒకే చోట దీపం వెలిగినంత మాత్రాన ఆ రెండూ ఒకటే అయిపోవు. ఒకే ఇంట్లో పెళ్లీ జరుగుతుంది, చావూ జరుగుతుంది. 2010లో మాథ్యూ కిలింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2,250 మందిని రోజులో ఉన్నట్టుండి ఫోన్‌లో పలకరించి, ఇప్పుడు మనసు ఎక్కడుందని అడిగారు. సుమారు 47 శాతం సార్లు అది చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు మనుషులు సగటున తక్కువ సంతోషంగా ఉన్నారు. ఆ ఇంట్లో పశ్చాత్తాపాలున్నాయి, రేపటి భయాలున్నాయి, తీర్చని బాకీలున్నాయి. అదీ నిజమే.

మన అలంకారికుల్లో అభినవగుప్తుడు ఈ తేడాను కనిపెట్టినవాడు. రసానుభవానికి అడ్డొచ్చే ఏడు విఘ్నాలను చెబుతూ, తన సొంత సుఖదుఃఖాలకు లొంగిపోవడాన్ని కూడా వాటిలో చేర్చాడు. నాటకశాలలో కూర్చుని నా బాకీ గురించి కుమిలిపోతే అది పరాకు, విఘ్నం. శకుంతల అత్తవారింటికి బయల్దేరే వేళ పెంచిన తండ్రి కణ్వుడి గొంతు పూడుకుపోతుంటే, మా ఇంట్లో ఎప్పుడో జరిగిన ఒక అప్పగింతల తడి నా కంట్లోకి వచ్చిందనుకోండి. అది నాదే, కానీ నా ఒక్కడిదీ కాదు. నా జ్ఞాపకం తన పేరూ ఊరూ వదిలేసి వచ్చింది. అలంకారికులు చెప్పే సాధారణీకరణమంటే నాకు అర్థమైనది ఇదే. ఇల్లు ఒకటే. అందులోకి ‘నేను’ బరువుతో దిగితే దుఃఖం, ఆ బరువు గడప దగ్గర దించి వెళితే రసం.

*

వెళ్లడం గురించి ఇంత చెప్పుకున్నాం, రావడం గురించి చెప్పకపోతే ఆలాపన షడ్జానికి చేరనట్టే. 2012లో అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో వెండీ హాసెన్‌క్యాంప్ బృందం, ధ్యానం అలవాటున్న 14 మందిని స్కానర్‌లో ఊపిరి మీద మనసు నిలపమంది. మనసు జారిందని గుర్తించిన మరుక్షణం మీట నొక్కమంది. ఆ మీట నొక్కిన క్షణానికి అటూ ఇటూ చూస్తే ఒక చక్రం కనబడింది. మీట నొక్కకముందు, పరాకులో, డిఫాల్ట్ నెట్‌వర్క్ వెలుగు. ‘అయ్యో, పోయానే’ అని తెలిసిన క్షణంలో ఇన్సులా ఉన్న హెచ్చరిక నెట్‌వర్క్ మెరుపు. తర్వాత మనసును మళ్లించి తెచ్చే కార్యనిర్వాహక భాగాల పని. ఆపైన ఊపిరి మీద నిలకడ. మళ్లీ పరాకు. ధ్యానమంటే జారకపోవడమని నేను అనుకునేవాణ్ని. జారడం, తెలియడం, తిరగడం, నిలవడం నాలుగూ కలిసి ఒక ఆవర్తం. అందులో అన్నిటికంటే సుందరమైనది రెండోది. మనసు తనను తాను చూసుకున్న ఆ క్షణంలో పరాకూ బహుపరాకూ ఒకే మాటలో ఉన్నాయి.

అమ్మమ్మ పెదవి కొసన ఆగిన మాట ఏమిటో ఆ రోజుల్లో అడగాలని తోచలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. అయితే ఏ పనీ లేని మధ్యాహ్నాల్లో, చదువుతున్న పుట మీద చూపు నిలిచి చదవడం మాత్రం ఆగిపోయినప్పుడు, నుదుటి వెనకా తల వెనకా ఒక అల నిదానంగా లేస్తుంది. వసారా వస్తుంది. చేట వస్తుంది. వేళ్లు గింజల్ని ముందుకు తోస్తుంటాయి. బియ్యం, బియ్యం, బియ్యం. పెదవి కదులుతుంది. పెరట్లోంచి పిన్ని కేక ఇంకా పడలేదు.